చేత్తో కట్టిన వాల్వు ఆంప్ కొంటున్నారా, ముందు వెనక పలక విప్పించండి

మా కావలిలో గిటార్ పట్టుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. ఆదివారం చర్చిలో, ముహూర్తాల రోజుల్లో ఆర్కెస్ట్రాలో, ఏ పనీ లేనప్పుడు మిద్దె మీద వాయిస్తుంటారు. వీళ్లలో ఎవరో ఒకరు అప్పుడప్పుడూ ఫోన్ చేసి "అన్నా, ట్యూబ్ ఆంప్ ఒకటి దొరుకుతోంది, చేత్తో కట్టిందంట, తీసుకోమంటావా?" అని అడుగుతారు. ఆంప్ అంటే గిటార్ సౌండ్ పెంచే ఆంప్లిఫయర్, ట్యూబ్ అన్నా వాల్వు అన్నా అందులో పెట్టే గాజు బుడ్డే. లోపల చూశావా అంటే చూళ్లేదంటారు. ఫొటోలో ముందువైపు రెక్సిన్, బంగారు రంగు గుడ్డ, ఎర్రగా వెలిగే బుడ్డి దీపం చూసి అప్పటికే మనసు పారేసుకుని ఉంటారు.

నేనూ అలాగే మునిగాను కాబట్టి చెప్తున్నా. కొన్నేళ్ల కింద ఆన్‌లైన్‌లో ఒకతని దగ్గర 'పూర్తిగా హ్యాండ్‌మేడ్ వాల్వు ఆంప్' కొన్నాను. ముందు జాలీలోంచి వాల్వు ఒకటి నారింజ రంగులో వెలుగుతూ కనిపించేది, రాత్రిపూట గదిలో లైటు తీసేసి దాన్నే చూస్తూ కూర్చునేవాణ్ణి. మూడు నెలలకి సౌండ్ పోయింది. విప్పి చూస్తే పని చేసేవన్నీ చిప్పులే, ఆ ఒక్క వాల్వు కింద చిన్న ఎల్ఈడీ పెట్టి వెలిగించాడు మహానుభావుడు! అసలు వాల్వు వెలుగు ఆరబోయే కుంపటిలా మందంగా, లోపలెక్కడో ఉంటుంది. కింద నుంచి టార్చి కొట్టినట్టు వెలుగుతుంటే అనుమానించాల్సిందే.

అప్పటి నుంచి వెనక పలక విప్పి చూపించనంటే కొనను. కట్టినతను దూరాన ఉంటే లోపలి ఫొటోలు పంపమంటాను. చేత్తో కట్టిన ఆంప్‌కి మనం ఎక్కువ డబ్బు ఇచ్చేది లోపలి పనికే కదా, అది చూడకుండా కొనడం వెంకటగిరి చీర మడత విప్పకుండా కొన్నట్టు. అయితే విప్పి చూసినా ఏది ఏమిటో తెలియకపోతే లాభం లేదు. అందుకని అది ఎలా పనిచేస్తుందో, ఎలా కడతారో ముందు చెప్తా, కొనే సంగతి మధ్యమధ్యలో వస్తుంది.

లస్కరు, షట్టరు

గిటార్ పికప్‌లో, అంటే తీగల కదలికని కరెంటుగా మార్చే భాగంలో, పుట్టే సిగ్నల్ చాలా బలహీనం, స్పీకర్ కాగితాన్ని కదిలించే సత్తా దానికి లేదు. కాలువ మీద లస్కరు షట్టర్ చక్రం తిప్పడం చూసే ఉంటారు. అతని చేతి బలమెంత, షట్టర్ కింద నుంచి దూకే నీళ్ల బలమెంత! నీళ్లు లస్కరువి కావు, సోమశిలవి. అతను చేసేదల్లా షట్టర్‌ని కాస్త ఎత్తడం, కాస్త దించడం. వాల్వులోనూ అంతే. కింద హీటర్ కాథోడ్‌ని వేడి చేస్తుంది, వేడెక్కిన కాథోడ్ నుంచి ఎలక్ట్రాన్లు లేస్తాయి, చుట్టూ ఉన్న ప్లేటు మీద 200, 300 వోల్టులు ఉంటాయి కాబట్టి అవి అటు పరిగెత్తుతాయి. మధ్యలో సన్నటి తీగ చుట్టిన గ్రిడ్ ఉంటుంది, అదే షట్టర్. గిటార్ సిగ్నల్ లస్కరు చెయ్యి. ఇంగ్లండ్‌వాళ్లు దీన్ని వాల్వ్ అన్నది ఊరికే కాదు, అమెరికావాళ్లే ట్యూబ్ అంటారు.

గాజు లోపల పైనా కిందా తెల్లటి పల్చటి బిళ్లలు కనిపిస్తాయి చూడండి, ఈ రేకుల్నీ తీగల్నీ కదలకుండా పట్టుకునేవి. అవి అభ్రకం. మన గూడూరు, సైదాపురం వైపు గనుల్లో తీసే కాకిబంగారం లాంటిదే. వాల్వు వేడికి మాడదు, కరెంటుని పారనివ్వదు, అందుకే వాడతారు. చిన్నప్పుడు ఆ ముక్కల్ని పొరలు పొరలుగా ఒలిచి ఆడుకున్నవాణ్ణి, మొదటిసారి వాల్వు లోపల చూసినప్పుడు పరాయి ఊళ్లో చుట్టాలు కనపడ్డట్టు అనిపించింది.

ఇక ఆంప్ మొత్తం ఎలా ఉంటుందో తెలియాలంటే అన్నిట్లోకీ చిన్నదాన్ని పట్టుకోవాలి. అమెరికాలో ఫుల్లర్టన్ అనే ఊళ్లో 1938లో రేడియో రిపేరు షాపు పెట్టిన లియో ఫెండర్ తర్వాత గిటార్లు, ఆంప్‌లు చేశాడు, ఆయన కంపెనీ 1950ల చివర అమ్మిన చాంప్ అనే చిన్న ఆంప్‌లో వాల్వులు మూడే. ఆ సర్క్యూట్ పేరు 5ఎఫ్1. ప్రపంచంలో చేత్తో ఆంప్ కట్టడం నేర్చుకునేవాళ్లు చాలామంది దీంతోనే మొదలుపెడతారు, నేనూ దీంతోనే. ఇందులో 12ఏఎక్స్7 ఒకటి, 6వీ6 ఒకటి, ఏసీని డీసీగా మార్చే 5వై3 ఒకటి. 12ఏఎక్స్7 గాజు ఒకటే అయినా లోపల రెండు వాల్వులు ఉంటాయి. గిటార్ సిగ్నల్ మొదటి సగంలోకి వెళ్లి పెరుగుతుంది, వాల్యూమ్ నాబ్ దాటి రెండో సగంలో ఇంకా పెరుగుతుంది, అక్కణ్నుంచి 6వీ6కి. అది బలమైన వాల్వు, స్పీకర్‌ని నడిపేది అదే. కానీ దాని నుంచి వచ్చేది ఎక్కువ వోల్టేజి, తక్కువ కరెంటు. స్పీకర్‌కి కావాల్సింది తక్కువ వోల్టేజి, ఎక్కువ కరెంటు. ఆ మార్పిడి చేసేది అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్. అంతా కలిపి సుమారు 5 వాట్లు.

5 వాట్లేనా అని నవ్వకండి. గదిలో పూర్తిగా పెంచితే పక్కింటివాళ్లు గోడ తడతారు. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే, చెవికి రెట్టింపు సౌండ్ అనిపించాలంటే దాదాపు పది రెట్ల వాట్లు కావాలి. కాబట్టి 15 వాట్ల ఆంప్‌కీ 30 వాట్ల ఆంప్‌కీ సౌండ్‌లో తేడా మీరనుకున్నంత ఉండదు, బరువులో, ధరలో మాత్రం ఉంటుంది. ఇంట్లో అయితే 5, చర్చికీ ఆర్కెస్ట్రాకీ అయితే 15 నుంచి 20 వాట్లు తీసుకుని ముందు మైకు పెట్టుకోండి. 50, 100 వాట్లు కావాలని పట్టుబట్టేవాళ్లు ఆ మోత మోయడానికి ఆటో ఖర్చు కూడా లెక్కేసుకోవాలి.

కట్టేవాడి చెయ్యి ఎక్కడ తెలుస్తుంది

మొదట ఛాసిస్. అల్యూమినియం గానీ ఉక్కు రేకు గానీ వంచి చేసిన పెట్టె. మనది సముద్రం గాలి. మా ఇంటికి సముద్రం పట్టుమని పది పన్నెండు కిలోమీటర్లు, గేటు మేకులు రెండేళ్లకే తుప్పు పడతాయి. పూత సరిగా లేని ఉక్కు ఛాసిస్ ఇక్కడ బతకదు, నా ఓటు అల్యూమినియంకే.

తర్వాత ట్రాన్స్‌ఫార్మర్లు. ఇంటి కరెంటు అందుకునే మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ అయస్కాంత క్షేత్రం ఉంటుంది, అది అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లోకి దూరితే స్పీకర్‌లో గుయ్యిమని మోత, దాన్నే హమ్మింగ్ అంటాం. అందుకే రెండిటినీ దూరంగా, ఒకదానికొకటి అడ్డంగా తిప్పి బిగిస్తారు. మంచి పనివాడు రంధ్రాలు వేయకముందే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ స్పీకర్ వైర్లకి ఇయర్‌ఫోన్ తగిలించి, మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్‌కి కరెంటు ఇచ్చి, దీన్ని అటూ ఇటూ తిప్పుతూ మోత ఎక్కడ తగ్గుతుందో విని అక్కడ గుర్తు పెడతాడు. విప్పి చూసినప్పుడు రెండూ ఒకే దిక్కుకి, ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటే కట్టినతను ఈ పని చేయలేదనుకోవచ్చు.

ట్రాన్స్‌ఫార్మర్ల గురించే ఇంకో మాట. మన దగ్గర వ్యవసాయ మోటార్ల పుణ్యమా అని ప్రతి ఊళ్లో వైండింగ్ షాపు ఉంటుంది. మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ వాళ్ల చేత చుట్టించుకోవచ్చు, వోల్టులూ ఆంపియర్లూ కాగితం మీద రాసిచ్చి, పొరల మధ్య కాగితం, వార్నిష్ సరిగా వేయమని చెప్తే చాలు. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం వేరే విద్య. ప్రైమరీనీ (వాల్వు వైపు చుట్లు) సెకండరీనీ (స్పీకర్ వైపు చుట్లు) ముక్కలు చేసి ఒకదాని మధ్య ఒకటి చుట్టాలి, లేకపోతే పై స్వరాలు చచ్చిపోతాయి. చాంప్ లాంటి ఒంటి వాల్వు ఆంప్‌లో దాని గుండా డీసీ కూడా పోతుంది కాబట్టి ఇనుప కోర్‌లో సన్నని ఖాళీ వదలాలి. ఇదంతా చెప్తే మా వైండింగ్ షాపాయన టీ గ్లాసు పక్కన పెట్టి "ఇది మోటారు కాదు సామీ, నాకొద్దు" అన్నాడు. తెలియదని ఒప్పుకున్నందుకు ఆయన మీద గౌరవం పెరిగింది. అది మాత్రం ఆంప్‌ల కోసమే చుట్టేవాళ్ల దగ్గర కొనండి. ఆంప్ కొనేటప్పుడు కూడా అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఎవరిదని అడగండి, తడుముకుంటే అక్కడ మిగుల్చుకున్నాడని అర్థం.

హీటర్ వైర్లు అన్నిటికన్నా ముందు వేస్తారు. వీటిలో 6.3 వోల్టుల ఏసీ పోతుంది, కరెంటు మాత్రం ఎక్కువ. రెండు వైర్లనీ జడలా బిగుతుగా మెలేసి, ఛాసిస్ మూలకి నొక్కి, మిగతా వైర్లకి దూరంగా తీసుకెళ్లాలి. 12ఏఎక్స్7కి అయితే 4, 5 కాళ్లు కలిపి ఒక వైరు, 9కి ఇంకో వైరు. ట్రాన్స్‌ఫార్మర్‌కి మధ్య ట్యాప్ లేకపోతే చెరోవైపు నుంచి 100 ఓంల రెసిస్టర్ గ్రౌండ్‌కి, అంటే ఛాసిస్‌కి, కలుపుతారు. ఛాసిస్ తెరవగానే నేను మొదట చూసేది ఈ జడే. జడ వదులుగా, ఎటు పడితే అటు పోతుంటే మిగతాది చూడాల్సిన పని కూడా ఉండదు.

ఇక బోర్డు. ఇక్కడే అందరూ వాదించుకుంటారు. విడి భాగాల్ని నేరుగా ఒకదాని కాలికి ఒకటి కలిపేది ఒక పద్ధతి, పాత వాల్వు రేడియోల్లో ఉన్నది అదే. ఫైబర్ పలక మీద ఇత్తడి మేకుల్లాంటి టరెట్లు దిగ్గొట్టి వాటికి రెసిస్టర్లు, కెపాసిటర్లు కలిపేది రెండో పద్ధతి, చేత్తో కట్టేవాళ్లలో ఎక్కువమంది ఇలాగే కడతారు. మూడోది పీసీబీ, అంటే వైర్ల బదులు రాగి గీతలు అచ్చు వేసిన బోర్డు. పీసీబీ అంటే చెత్త అనేవాళ్ల మాట పూర్తిగా నమ్మకండి, మందపాటి బోర్డు మీద శుభ్రంగా చేస్తే అది కూడా ఏళ్ల తరబడి ఉంటుంది. అసలు గొడవ వాల్వు సాకెట్లని కూడా ఆ బోర్డు మీదే పెట్టడంతో వస్తుంది. వాల్వు వేడికి, పీకి పెట్టే ఒత్తిడికి రాగి గీతలు లేచిపోతాయి. సాకెట్లు ఛాసిస్‌కి బిగించి ఉండాలి, ఇది మాత్రం నేను రాజీపడను.

టరెట్ బోర్డులోనూ మన వాతావరణం చూసుకోవాలి. పాత ఫెండర్లలో మైనం పట్టించిన నల్లటి ఫైబర్ కాగితం పలక ఉండేది, అదే కావాలని కొంతమంది ఇప్పటికీ పట్టుబడతారు. అది తేమ పీల్చి లోలోపల కరెంటు పారనిస్తుంది, ఆ తర్వాత టకటక, బరబర శబ్దాలు. మన తీరంలో గ్లాస్ ఫైబర్ పలకే మేలు. రెసిస్టర్ల విషయమూ అంతే. పాత కాలపు కార్బన్ కాంపొజిషన్ రెసిస్టర్లు వేస్తే 'సౌండ్ తియ్యగా ఉంటుంది' అంటారు, నా చెవికి ముందు వినిపించేది వాటి బుస్సుమనే శబ్దమే, పైగా తేమకి వాటి విలువ మారిపోతుంది. మెటల్ ఫిల్మ్ వేయించుకోండి. ట్రెబుల్ దగ్గర చిన్న సిల్వర్ మైకా కెపాసిటర్ వేస్తారు, అది కూడా మన కాకిబంగారం బాపతే, అది వెయ్యమనండి.

మంచి పనివాడు ఒకటే గ్రౌండ్ దగ్గరికి అన్నీ ఒక వరసలో తెస్తాడు. గిటార్ జాక్ నుంచి మొదటి గ్రిడ్‌కి వెళ్లే వైరు పొట్టిగా గానీ, షీల్డు వైరుగా గానీ ఉంటుంది. ఆ గ్రిడ్ ముందు 68 వేల ఓంల రెసిస్టర్ సాకెట్ కాలి దగ్గరే ఉంటే రేడియో స్టేషన్లు ఆంప్‌లో పలకవు. టంకం వేసిన చోట నున్నగా మెరవాలి, బూడిద రంగులో గడ్డ కట్టినట్టుంటే అది డ్రై సోల్డర్, ఆరు నెలల్లో లూజు కాంటాక్ట్ అవుతుంది.

కరెంటుతో జాగ్రత్త

ఇది అడుగున రాయాల్సిన మాట కాదు గనక ఇక్కడే చెప్తున్నా. ఈ పెట్టెలో 300 నుంచి 450 వోల్టుల డీసీ ఉంటుంది, ప్రాణం తీస్తుంది. ప్లగ్ పీకేసినా ఫిల్టర్ కెపాసిటర్లలో అది నిలిచే ఉంటుంది, ఒక్కోసారి రోజుల తరబడి. మా వీధి చివర వాల్వు రేడియోలు బాగుచేసే తాత ఒకాయన ఉండేవాడు, "అబ్బాయ్, ఒక చెయ్యి జేబులో పెట్టుకుని పని చెయ్యి" అని ఆయన చెప్పిన మాట నాకు ఇప్పటికీ శాసనం. రెండు చేతులూ లోపల ఉంటే కరెంటు ఒక చేతి నుంచి ఇంకో చేతికి గుండె మీదుగా పోతుంది. ప్లగ్ పీకి, 10 వేల ఓంలు 5 వాట్ల రెసిస్టర్‌ని ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులతో కెపాసిటర్‌కీ ఛాసిస్‌కీ మధ్య పెట్టి, కొన్ని సెకన్లు ఆగి, మీటర్‌తో సున్నా దగ్గరికొచ్చిందా చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి. స్క్రూడ్రైవర్‌తో టప్పుమనిపించేవాళ్లున్నారు, అది వద్దు. ఒంటరిగా ఇంట్లో ఎవరూ లేనప్పుడు కూడా వద్దు. ఈ సంగతులు కొత్త అయితే ఛాసిస్ మీరు తెరవకండి, కట్టినతన్నే తెరిచి చూపించమనండి.

ఇంకోటి, ఎర్త్. మన పాత ఇళ్లలో మూడు పిన్నుల సాకెట్ ఉంటుంది గానీ మూడో పిన్నుకి వెనక వైరే ఉండదు. గిటార్ తీగలు ఛాసిస్‌కి కలిసే ఉంటాయి, మైకు ఇనుము పెదవికి తగులుతుంది, ఎర్త్ లేకపోతే ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు. పెళ్లి పందిట్లో జనరేటర్ మీద వాయించేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ముందు ఎలక్ట్రీషియన్ని పిలిచి ఎర్త్ చూపించుకోండి, ఆంప్ తర్వాత కొనొచ్చు.

వోల్టేజి కూడా చూడాలి. ఆంప్ 230 లేదా 240 వోల్టులకి, 50 హెర్ట్‌జ్‌కి చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్‌తో ఉండాలి. అమెరికా నుంచి చుట్టాలు తెచ్చిన 120 వోల్టుల ఆంప్ మన ప్లగ్గులో పెడితే పొగే. స్టెప్‌డౌన్ పెట్టినా, 60 హెర్ట్‌జ్‌కే లెక్కేసి చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్ మన 50కి ఎక్కువ వేడెక్కొచ్చు. ఇక రొయ్యల చెరువుల వైపు ఉన్నవాళ్లకి సాయంత్రం ఏరేటర్లన్నీ ఒకేసారి తిరిగితే దీపాలు గుడ్డివవుతాయి, ఎండాకాలం ఏసీల పుణ్యం సరేసరి. హీటర్‌కి 6.3 వోల్టులకి అటూ ఇటూ పది శాతం, అంటే 5.7 నుంచి 6.9 దాకా పర్వాలేదు, అది దాటితే వాల్వు ఆయుష్షు తగ్గుతుంది. మీ ఇంట్లో సాయంత్రం ఏడింటికి ఒకసారి, అర్ధరాత్రి ఒకసారి మీటర్ పెట్టి చూడండి. తేడా ఎక్కువుంటే మంచి స్టెబిలైజర్ కొనాల్సిందే.

ఏ రకం తీసుకోవాలి

చేత్తో కట్టే ఆంప్‌లు దాదాపు అన్నీ మూడు పాత కుటుంబాల పిల్లలు. ఫెండర్ తరహా, 6వీ6, 6ఎల్6 వాల్వులతో, శుభ్రంగా గంట కొట్టినట్టు పలుకుతుంది. వాక్స్ తరహా ఇంగ్లండ్‌లో డిక్ డెన్నీ గీసిన ఏసీ15తో, 1958లో మొదలైంది, అందులో ఈఎల్84 వాల్వులు, గజ్జెలు కదిలినట్టు పైస్వరాలు మెరుస్తాయి, చర్చిలో డిలే (ప్రతిధ్వని) పెట్టి వాయించే పిల్లలందరికీ కావాల్సింది ఇదే. మార్షల్ తరహాది తమాషా కథ. లండన్‌లో డ్రమ్ములు నేర్పే జిమ్ మార్షల్ షాపులో 1962లో ఫెండర్ కంపెనీ బాస్‌మన్ ఆంప్ సర్క్యూట్‌నే దగ్గర పెట్టుకుని జేటీఎం45 కట్టారు. దొరికిన వాల్వులు, ట్రాన్స్‌ఫార్మర్లు, స్పీకర్లు వేరే కాబట్టి సౌండ్ వేరేగా వచ్చింది, లోకమంతా ఆ గరుకు గొంతు వెంట పడింది. ఒకే పులుసు రెండు ఇళ్లలో రెండు రుచులు వచ్చినట్టు. లీడ్ వాయించేవాళ్లకి ఇది, ఈఎల్34 వాల్వులతో కట్టే తర్వాతి మోడళ్లు బాగుంటాయి.

ఆర్కెస్ట్రావాళ్లకి నా సలహా వేరు. మీకు ఒక పాటకి శుభ్రమైన సౌండ్, వెంటనే ఇంకో పాటకి చించేసే సౌండ్ కావాలి. రెండూ ఇచ్చేలా చానెళ్లు, స్విచ్చులు పెట్టి కట్టిన ఆంప్‌లో చెడిపోయే చోట్లు రెట్టింపు. శుభ్రంగా పలికే 15, 20 వాట్ల ఫెండర్ తరహా ఒకటి తీసుకుని, చింపుడు కాలితో నొక్కే పెడల్‌కి వదిలేయండి.

వాల్వులు సులభంగా దొరికేవే ఉండేలా చూసుకోండి. 12ఏఎక్స్7, ఈఎల్84, 6వీ6, 6ఎల్6, ఈఎల్34, ఇవి స్లొవాకియా, రష్యా, చైనాల్లో ఇప్పటికీ కొత్తవి తయారవుతున్నాయి. బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ కూడా ఒకప్పుడు వాల్వులు చేసేది, పాత సరుకు దొరికితే అదృష్టమే, కానీ దాని మీదే ఆధారపడే ఆంప్ కొనకండి. విడి భాగాలకి మనకి చెన్నై దగ్గర, పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికి రిచీ స్ట్రీట్ తిరిగి రాత్రికి ఇంటికొచ్చేయొచ్చు. 450, 500 వోల్టుల కెపాసిటర్లు అడిగితే కొన్ని షాపుల్లో పైకి కిందకి చూస్తారు, ఓపిగ్గా తిరగాలి.

స్పీకర్ మీద డబ్బు తగ్గించకండి. సెలెస్షన్ కంపెనీ గ్రీన్‌బ్యాక్ స్పీకర్‌కి, ఒక వాట్‌కి ఎంత పలుకుతుందో చెప్పే అంకె 98 డెసిబెల్స్ అని రాసి ఉంటుంది, వాళ్లదే వింటేజ్ 30 అయితే 100. ఈ రెండు డెసిబెల్స్‌కే, అంత సౌండ్ ఆంప్ నుంచి తీయాలంటే వాట్లు ఒకటిన్నర రెట్లు కావాలి. ఓంలు కలవాలి, 8 ఓంల అవుట్‌పుట్‌కి 8 ఓంల స్పీకర్. స్పీకర్ తగిలించకుండా వాల్వు ఆంప్‌ని ఎప్పుడూ వాయించకూడదు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. గిటార్ వైరుతో స్పీకర్ కలపకూడదు. పెట్టె 18 మిల్లీమీటర్ల మంచి ప్లైవుడ్‌తో మన వడ్రంగే చేస్తాడు, రెక్సిన్ సోఫాలు కుట్టేవాళ్లు వేస్తారు. పార్టికల్ బోర్డు మాత్రం వద్దు, ఒక వానాకాలానికే ఉబ్బుతుంది.

విని చూసేటప్పుడు

మీ గిటార్ తీసుకెళ్లండి. వాల్యూమ్ సున్నాలో ఉంచి స్పీకర్ దగ్గర చెవి పెట్టి వినండి, కొంచెం గుయ్యిమనడం సహజం, గదిలో అవతలి మూలకి వినపడితే సహజం కాదు. ప్రతి చిన్న వాల్వునీ పెన్సిల్ చెక్కతో మెల్లగా తట్టండి, గంటలా మోగితే ఆ వాల్వు మార్పించండి. వాల్యూమ్ సగంలో పెట్టి మెల్లగా మీటండి, తర్వాత గట్టిగా. మంచి వాల్వు ఆంప్ మీ వేలికి జవాబు చెప్తుంది, మెల్లగా మీటితే శుభ్రంగా, గట్టిగా మీటితే అంచు చిట్లుతూ పలుకుతుంది. తర్వాత గిటార్ మీద వాల్యూమ్ తగ్గించండి, చిట్లడం పోయి శుభ్రపడాలి. నాబ్‌లు తిప్పి ఊరుకుని ఐదు నిమిషాల్లో లేచి రాకండి. అరగంట వదలకుండా వాయించాలి, వేడెక్కాకే రోగాలు బయటపడతాయి. కాలిన వాసన వస్తోందా, పెద్ద వాల్వు ప్లేటు ఎర్రగా కాలుతోందా చూడండి. ప్లేటు ఎర్రబడితే వెంటనే ఆపేయమనండి, బయాస్, అంటే ఊరికే ఉన్నప్పుడు వాల్వులో ఎంత కరెంటు పారాలో ఆ అమరిక, తప్పింది.

బయాస్ ఎంత పెట్టావని కట్టినతన్ని అడగడం కూడా మంచి పరీక్ష. చాంప్‌లో 6వీ6 కాథోడ్‌కి 470 ఓంల రెసిస్టర్ ఉంటుంది, దాని మీద 19 వోల్టులు కనిపిస్తే లోపల పారే కరెంటు సుమారు 40 మిల్లీఆంపియర్లు, దాన్ని ప్లేటు వోల్టేజితో గుణిస్తే వాల్వు మోస్తున్న వాట్లు సుమారుగా తెలుస్తాయి. చేతులతో కట్టినవాడికి ఈ అంకెలు నోటికి వస్తాయి, కాకపోతే పుస్తకంలో రాసి ఉంటాయి. "అదంతా మీకెందుకు సార్, సౌండ్ చూడండి" అన్నాడంటే లేచి రండి.

మీరే కట్టుకుంటే మొదటిసారి నేరుగా ప్లగ్గులో పెట్టకండి. రేడియో మెకానిక్‌ల దగ్గర ఉండే సీరీస్ బోర్డు చేసుకోండి, కరెంటు దారిలో 60 వాట్ల పాత ఫిలమెంటు బల్బు, ఎల్ఈడీ బల్బు పనికిరాదు. వాల్వులు పెట్టకుండా వేస్తే బల్బు ఒక్క క్షణం మెరిసి దాదాపు ఆరిపోవాలి, అలాగే వెలుగుతూ ఉంటే లోపల షార్టు ఉంది. అప్పుడు హీటర్ వోల్టులు చూసి, ఆపి, వాల్వులు పెట్టి, స్పీకర్ తగిలించి మళ్లీ వేయాలి. నాది మొదటిసారి వేసినప్పుడు కుక్కపిల్ల తొక్కిడిపడ్డట్టు కుయ్యిమని అరిచింది. టెన్షన్‌తో చెమటలు పట్టాయి. తీరా చూస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ స్పీకర్ వైపు వైర్లు రెండూ తారుమారయ్యాయి, అందువల్ల స్పీకర్ నుంచి వెనక్కొచ్చే ఫీడ్‌బ్యాక్ తగ్గించాల్సింది పోయి పెంచుతోంది. మార్చగానే నోరు మూసింది.

వెనకవైపు తెరిచి ఉండే పెట్టె అయితే సన్నటి ఇనుప జాలీ కొట్టించండి. వెచ్చగా ఉంటుందని బల్లులు, బొద్దింకలు చేరతాయి. నా ఆంప్‌లో ఒక బల్లి రెండు టరెట్ల మధ్య వంతెన వేసి తను పోయి, ఫ్యూజునీ తీసుకుపోయింది. అందుకని ఫ్యూజులు రెండు ఎక్కువ తీసి ఉంచండి, అదే విలువవి.

కొనేటప్పుడు సర్క్యూట్ కాగితం అడిగి తీసుకోండి, ఏ కాలి దగ్గర ఎన్ని వోల్టులు ఉండాలో దాని మీదే చేత్తో రాయించుకోండి, కెపాసిటర్లు వేసిన తేదీ కూడా. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు పదిహేను ఇరవై ఏళ్లకి ఎండిపోతాయి, అప్పటికి కట్టినతను ఎక్కడుంటాడో, మీరెక్కడుంటారో. ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి వెనక పలక లోపలివైపు అంటించండి.